హాల్డేన్ చేతిపని

జన్యుశాస్త్రంలో ఉద్దండుడు జె.బి.ఎస్. హాల్డేన్. లండన్‌లో ప్రొఫెసరుగా ఉంటూనే 'డైలీ వర్కర్' పత్రికకు మూడొందలకు పైగా సైన్సు వ్యాసాలు రాశాడు. జనానికి రాయడం ఆయనకు కాలక్షేపం కాదు, చేతిపని. అందులోని మెలకువలు ఇతరులకూ చెప్పాడు: పాఠకుడికి తెలిసిన సంగతితో మొదలుపెట్టాలి, వాక్యాలు పొట్టిగా ఉండాలి. రాశాక, ఆ విషయం బొత్తిగా తెలియని స్నేహితుడికి చూపించాలి. లేదా ఆర్నెల్లు పక్కన పడేసి, మనకైనా అర్థమవుతోందో లేదో చూసుకోవాలి. (మన పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లు ఈ చివరిదొక్కటి పాటించినా పిల్లలు బతికిపోతారు!)

1957లో భారతదేశానికి వచ్చాక ఇక్కడి పత్రికలకూ రాశాడు. మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే. చివరికి హాల్డేన్ తనకొచ్చిన క్యాన్సర్ మీద కూడా హాస్యపద్యం రాశాడు, అనుమానముంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లమని. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాక, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఇచ్చారు.