వాకిలికి వాటం

మా గోస్పాడులో ఇంటి ముందర మొక్క నాటాలంటే ముందుగా మేకలను దృష్టిలో పెట్టుకోవాలి. పొద్దున తొమ్మిదింటికి మంద వీధిలో పోతుంది, సాయంత్రం మళ్లీ వస్తుంది. పల్లెలో గేట్లు పగలంతా తెరిచే ఉంటాయి. పచ్చగా ఏది కనిపించినా మేక ఒక నోరు వేసి పోతుంది. మందారం, గులాబి రెండు రోజులు నిలవవు. గన్నేరును మాత్రం వాసన చూసి వదిలేస్తుంది. కలబంద జోలికి పోదు. నందివర్ధనం పాలు కారే చెట్టు, దాన్నీ పెద్దగా ముట్టదు. ఏళ్ల తరబడి చూసి తెలుసుకున్నది ఇది.

నంద్యాలలో, ఆళ్లగడ్డలో, మా చుట్టుపక్కల పల్లెల్లో కొత్త ఇళ్లు లేస్తున్నాయి. లక్షలు పోసి ముందరి గోడకు రంగులు, రాళ్లు అతికిస్తున్నారు. గేటుకూ గడపకూ మధ్యనున్న పదిహేను అడుగుల నేలను మాత్రం ఆఖర్లో మిగిలిన సిమెంటుతో కప్పేస్తున్నారు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ల కన్ను మొదట పడేది ఆ పదిహేను అడుగుల మీదే. అది చూసినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది, ఎందుకంటే నేనూ అదే చేశాను.

మాది కుందూ నది పక్క నల్లరేగడి. కేసీ కాలువ నీళ్లు పారితే వరి, పారకపోతే పత్తి, శనగ. పంటకు ఇంతకంటే మంచి నేల లేదు. కానీ ఈ మన్నులో ఉన్న బంక నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఏప్రిల్‌లో చేలో నడిస్తే నెర్రెల్లో చెయ్యి దూరుతుంది. అలాంటి నేల మీద అతుకు లేకుండా సిమెంటు పోస్తే ఏమవుతుంది? రెండో వానాకాలానికి గేటు నుంచి గడప దాకా ఏటవాలుగా పగిలింది. పూడ్పిస్తే పక్కన ఇంకొకటి లేచింది. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజుల్లో రాత్రి పదింటికి కూడా ఆ గచ్చు సెగ కక్కేది, బయట మంచం వేసుకోలేకపోయాం. వాన పడితే నీళ్లు ఇంకే దారి లేక గడప ముందరే మడుగు కట్టేవి.

మరుసటి ఏడు ఒక పక్క గచ్చు తీయించి లాన్ గడ్డి పరిపించాను. రోజూ బోరు వేసి తడపాలి, పదిహేను రోజులకోసారి కత్తిరించాలి. మేలో వారం రోజులు ఊళ్లో లేము. వచ్చేసరికి గోనెపట్టా పరిచినట్టుంది.

అప్పుడు గచ్చంతా పగలగొట్టించి నాపరాయి తెప్పించాను. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు క్వారీలు మాకు దగ్గర. ఆ పక్క ఊళ్లలో గోడలకూ, అరుగులకూ, కొన్ని ఇళ్లకు పైకప్పుకూ అదే రాయి. మేస్త్రీ మొదట అడుగు లోతున నల్లమన్ను తీయించాడు. గరుసు నింపి, తడిపి, దిమ్మిసతో కొట్టించాడు. దాని మీద ఇసుక. ఆ పైన రాయి దించి, కర్ర సుత్తితో మూల మూలా తట్టి, చెవి పెట్టి విన్నాడు. గట్టిగా పలికితే కూర్చున్నట్టు. డొల్లగా పలికితే మళ్లీ లేపి, పిడికెడు ఇసుక సర్ది, మళ్లీ దించేవాడు. ఒక రాయిని నాలుగు సార్లు లేపాడు.

"రాయికీ రాయికీ నడుమ వేలు పట్టేంత సందు ఇడుస్తానన్నా. ఈ మన్ను వానకు లేస్తది, ఎండకు దిగుతది. సందు లేకుంటే రాయే పగలాల" అన్నాడు.

తర్వాత వాటం. నీళ్లు వీధిలోకి పోయేలా చేయడం అందరికీ అలవాటు. మేము రసమట్టం పెట్టి, పది అడుగులకు రెండు అంగుళాల లెక్కన, ఇంటి గోడకు దూరంగా ఉన్న మొక్కల పాదు వైపు వాటం ఇచ్చాం. పునాది పక్కన నీళ్లు నిలిస్తే నల్లమన్ను ఉబ్బి గోడనే కదిలిస్తుంది. పాదులో నిలిస్తే నాలుగైదు వారాలు మొక్కకు తడి. నా మటుకు నాకు పనంతట్లో విలువైనది ఆ రెండంగుళాలే.

పాదులో గన్నేర్లు, ఒక నందివర్ధనం, అంచున కలబంద, గేటు పక్కన కాగితం పూల తీగ. కాగితం పూలకు నీళ్లు ఎక్కువైతే ఆకే గానీ పువ్వు రాదు. గన్నేరు పాలు విషం, చిన్నపిల్లలున్న ఇంట్లో చేతికందని చోట పెట్టాలి. వేపచెట్టు గోడకు పదిహేను అడుగుల ఎడంగా ఉంది. రాలిన ఆకు ఊడ్చి పాదులోకే తోస్తాం, తడి ఆరకుండా కాస్తుంది. త్వరగా పచ్చగోడలా లేస్తుందని కోనోకార్పస్ నాటేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి వద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది.

అమెరికాలో డెన్వర్ నగరపు నీటి సంస్థ 1981లో తక్కువ నీటి తోటలకు జెరిస్కేప్ అని పేరు పెట్టింది. నాకు ఆ మాట వింటే మా నాయనమ్మ వాకిలి కళ్లముందుకొస్తుంది. ఒక వేప, ఒక గన్నేరు, తులసికోట, మిగిలినదంతా ఊడ్చిన నేల. ఇంటి ముందర ఖాళీ కూడా ఒక అందమేనని ఆమెకు తెలుసు. కుండీల మీద కుండీలు పేర్చే మనకు అది మళ్లీ నేర్చుకోవాల్సి వస్తోంది. నేను అలంకారంగా తెచ్చింది ఒక్కటే, ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర చెక్కించిన చిన్న రాతి తొట్టి. పిచ్చుకలు నీళ్లు తాగిపోతాయి.

రాళ్లు పరుస్తున్న మూడో రోజు అమ్మ గడప ముందర వచ్చి నిలబడింది.

"ఈడ ఇంత మన్ను ఇడిసిపెట్టు నాయనా. రాయి మీద సానిపి నిలవదు. పండగకు గొబ్బెమ్మలు యాడ పెట్టాల?"

ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు వదిలాం. పైన ఎర్రమన్ను పోసి దిమ్మిస కొట్టించాం. కిందటి వానలకు పక్కన ఒక రాయి మూల లేచింది. మేస్త్రీ వచ్చి లేపి, ఇసుక సర్ది దించేసరికి పావుగంట పట్టింది, అంతకుమించి ఖర్చు లేదు. ఆ పొద్దున అమ్మ పేడనీళ్లు చల్లి ముగ్గు వేస్తుంటే పక్కింటి అక్క గేటు పట్టుకుని చాలాసేపు చూసింది. "మా గచ్చు కూడా ఈ మేరకు పగలగొట్టిస్తా" అంది. వచ్చే గురువారం వాళ్లింట్లో పని మొదలు.