లింకర్‌కు దారి చెప్పాలి

సోర్స్ నుంచి పైథాన్ బిల్డ్ చేసేవాళ్లకు ఈ అనుభవం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. కన్ఫిగర్ అయింది, మేక్ అయింది, ఇన్‌స్టాల్ కూడా అయింది. ఆశగా పైథాన్3 అని కొట్టి ఎంటర్ నొక్కితే, లిబ్‌పైథాన్ ఫైలు తెరవలేకపోతున్నానంటూ ఒకే ఒక్క లైను. ఆ ఫైలు ఎక్కడికీ పోలేదు. /ఆప్ట్/పైథాన్/లిబ్‌లో, మనం పెట్టిన చోటే ఉంది. ప్రోగ్రాముకే ఆ దారి తెలియదు.

కంపైలర్ తయారుచేసిన ఆబ్జెక్ట్ ఫైళ్లను లైబ్రరీలతో కలిపి ఒక్క ప్రోగ్రాముగా కూర్చేది లింకర్. ఎనేబుల్-షేర్డ్ ఆప్షన్‌తో కడితే పైథాన్ అసలు సరుకంతా లిబ్‌పైథాన్‌లోకి వెళ్తుంది. ప్రోగ్రాము మొదలైన ప్రతిసారీ లోడర్ ఆ లైబ్రరీని వెతికి పట్టుకోవాలి.

కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చాం కదా అనుకుంటారు. అది బిల్డ్ జరిగేటప్పుడు లింకర్ ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతటితో దాని పని సరి. రన్ అయ్యేటప్పుడు వెతకాల్సిన చోటును ప్రోగ్రాములోనే రాసిపెట్టేది ఆర్‌పాత్. దాన్ని కన్ఫిగర్‌కు ఎల్‌డీఫ్లాగ్స్ ద్వారా ఇలా అందిస్తాం:

ఎల్‌డీఫ్లాగ్స్="-డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,/ఆప్ట్/పైథాన్/లిబ్"

మొదటి ముక్క కంపైలర్‌కు చెప్పే మాట: తర్వాతవన్నీ లింకర్‌కు చేరవేయమని. కామాల దగ్గర విడగొట్టి వాటిని లింకర్‌కు విడివిడిగా అందిస్తుంది. కామా పక్కన స్పేస్ పడితే మాత్రం వరస చెడుతుంది. బిల్డ్ అయ్యాక రీడ్‌ఎల్ఫ్ -డి కొట్టి చూడండి. ఆర్‌పాత్ అనో రన్‌పాత్ అనో ఉన్న లైనులో మీరిచ్చిన దారి కనిపిస్తే పని కుదిరినట్టే.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ ఎక్స్‌పోర్ట్ చేస్తే పోలేదా అంటారు కొందరు. మీ టెర్మినల్లో నడుస్తుంది. కానీ అర్ధరాత్రి క్రాన్ నడిపే జాబ్‌కు మీ షెల్లో పెట్టిన సెట్టింగు అందదు. పైగా ఆ షెల్ నుంచి మొదలయ్యే ప్రతి ప్రోగ్రామూ మీ ఫోల్డర్‌లోనే ముందు వెతుకుతుంది. ఒక్క పైథాన్ కోసం అన్నిటినీ దారి మళ్లించడం న్యాయం కాదు.

ఎల్‌డీఫ్లాగ్స్‌లో ఇచ్చింది పైథాన్‌తోనే ఆగదని కూడా గుర్తుంచుకోవాలి. ఆ పైథాన్ దాన్ని దాచుకుని, తర్వాత పిప్‌తో కట్టే సి ఎక్స్‌టెన్షన్లకూ అందిస్తుంది. అది వద్దనుకుంటే ఎల్‌డీఫ్లాగ్స్_నోడిస్ట్‌లో ఇవ్వాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ విషయంలో ఇలా దారి చెప్పాల్సిన అవసరం ఎంతమందికి ఎదురైందో గానీ, 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి దాని ఆర్‌పాత్ కోసం కన్ఫిగర్‌లోనే ప్రత్యేకంగా ఒక ఆప్షన్ ఉంది.

ఇంత శ్రద్ధ మన ఒక్కరి కోసం కాదు. ఏడాది తర్వాత ఆ సర్వర్ మరొకరి చేతికి వెళ్తుంది. బిల్డ్ ఫోల్డర్‌ను పారేయకుండా ఉంచితే, కన్ఫిగ్.లాగ్ మొదట్లోనే మనం కొట్టిన కమాండ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. ఆ వచ్చినవాళ్లు మనకు ఫోన్ చేయనక్కర్లేకుండానే అదే పైథాన్‌ను మళ్లీ కట్టుకోగలుగుతారు.