తీగ ఒకటే, వేషాలు రెండు

మా పావగడ ఎండ ఎరిగినవాళ్లకు ఇ-రీడర్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. తిరుమణి చుట్టుపక్కల 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టించిన ఎండ ఇది. పట్టపగలు అరుగు మీద ఫోను తీస్తే మన మొహమే కనిపిస్తుంది. ఇ-ఇంకు తెర మీద మాత్రం అక్షరం కాగితం మీద ఉన్నట్టే ఉంటుంది.

చిక్కల్లా ఆ అక్షరంతోనే. 2016 డిసెంబరులో అమెజాన్ తన ఇ-రీడర్ కిండిల్‌లోకి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చింది. తెలుగు లేదు, కన్నడమూ లేదు. మూడు దిక్కులా ఆంధ్ర ఉన్న కర్ణాటక తాలూకా మాది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. రెండు భాషలున్న ఊరికి ఆ జాబితాలో ఒక్కటీ దక్కలేదు.

మా మామ దగ్గరున్నది 2010 నాటి కీబోర్డు కిండిల్. దానికి తెలుగు ఫాంటు ఒక్కటే ఇస్తే చాలదు. ఒత్తుల్నీ గుణింతాల్నీ కూర్చిపెట్టే ప్రోగ్రాము కావాలి. లేకపోతే ‘స్త్రీ’ కాస్తా ముక్కలు ముక్కలుగా పడుతుంది. కోరీడర్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ కూర్పు చేస్తుంది. దాన్ని ఎక్కించి, సరిచూసుకోవడానికి నాకు నచ్చిన దారి యూఎస్‌బీ నెట్‌వర్క్.

కిండిల్ లోపల నడిచేది లినక్సే. జైల్‌బ్రేక్ చేసి, అంటే కంపెనీ వేసిన తాళం తీసి, నెట్‌వర్క్ ప్యాకేజీ వేసుకున్నాక, వెతికే పెట్టెలో సెమికోలన్ పెట్టి డీబగ్‌ఆన్ అని, ఆ తర్వాత టిల్డా పెట్టి యూఎస్‌బీనెట్‌వర్క్ అని కొట్టాలి. దాంతో అది పెన్‌డ్రైవ్ వేషం తీసేసి నెట్‌వర్క్ కార్డు వేషం కడుతుంది.

“ఏం రా, కంప్యూటర్‌లో మాయమైపోయిందే?” అన్నాడు మామ.

“ఇప్పుడది డ్రైవ్ కాదు మామా. దాంతో మాట్లాడాలంటే నంబరు కావాల.”

కిండిల్‌ది 192.168.15.244. ఇవతల కంప్యూటర్‌కు 192.168.15.201 అని మనమే చేత్తో ఇచ్చుకోవాలి. ఆ తీగ మీద అడ్రసులు పంచిపెట్టే రూటరేదీ లేదు మరి. కిండిల్ పలుకుతోందా అని పింగ్ కొట్టి, జవాబు వరుసలు ఒకదాని కింద ఒకటి దిగుతుంటే చూడటం నాకిప్పటికీ సరదానే. ఆ పైన ఎస్‌ఎస్‌హెచ్ అనే కమాండుతో నేరుగా లోపలికే.

పెన్‌డ్రైవ్‌గా తగిలించినప్పుడు ఫైళ్ల పెత్తనమంతా కంప్యూటర్‌ది. ఇద్దరూ ఒకే డిస్కు మీద రాస్తే ఫైళ్లు పాడవుతాయి కాబట్టి కిండిల్ పుస్తకం మూసి కూర్చుంటుంది. నెట్‌వర్క్‌లో ఆ బాధ లేదు. తెర మీద పుస్తకం తెరిచే ఉంటుంది, మనం పక్క నుంచి మండలి అనే తెలుగు ఫాంటు పంపి, కోరీడర్‌ను ఆపి మళ్లీ నడిపి, అదే పేజీలో ఒత్తు కుదిరిందో లేదో చూసుకోవచ్చు. ఎర్రర్లు రాసుకునే ఫైలునూ అప్పటికప్పుడే చదవొచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఇంత తతంగమూ పెట్టుకోవచ్చంటాను. ఒకట్రెండు పుస్తకాలు ఎక్కించుకోవడానికైతే మాత్రం దీని జోలికి పోనక్కర్లేదు, పెన్‌డ్రైవ్ వేషమే చాలు.

లోపలి సిస్టం ఫైళ్లుండే భాగం మామూలుగా చదవడానికే తెరిచి ఉంటుంది. రాయడానికి తెరిస్తే, పని కాగానే మళ్లీ మూసెయ్యాలి. కిండిల్ మొదలైన ప్రతిసారీ నెట్‌వర్క్ దానంతటదే వచ్చేలా పెట్టే ఏర్పాటూ ఒకటుంది, దాన్ని ముట్టుకోవద్దు. ఏదైనా తేడా వస్తే ఫైళ్లు అందుకోవడానికి ఆ పెన్‌డ్రైవ్ వేషమే దిక్కు.

మామ చదువుకుంటున్నాడు. మనవరాలి కోసం కన్నడ ఫాంటు కూడా వెయ్యమంటున్నాడు. ఆదివారం వెళ్లాలి.