సహన శిక్షణము: ‘మార్చ్’ అను బొమ్మల గ్రంథము

పిల్లలను నాయకులుగా దిద్దవలెనను కోరిక నేడు మన యిండ్లలో బలముగా నున్నది. అందుకు మనమెరిగిన మార్గము వక్తృత్వపు పోటీ. పిల్లవాడు వేదిక యెక్కి జంకు లేక మాటలాడినచో నాయకత్వము చేతికి వచ్చినదని తలిదండ్రులు సంతసింతురు. తోటి మనుష్యుల హక్కుల కొరకు నిలువవలసిన వానికి వాక్పటిమ యొక్కటియే చాలునా యను సంశయము గలవారు ‘మార్చ్’ అను ఆంగ్ల గ్రంథమును చదువదగును.

అమెరికా దేశమున నల్లజాతివారి పౌరహక్కులకై పాటుపడిన జాన్ లూయిస్, ఆండ్రూ ఐడిన్ తోడ్పాటుతో తన జీవితమును ఇందు చెప్పుకొనెను. చిత్రములు గీసినవాడు నేట్ పవెల్. 2013 మొదలు 2016 వరకు మూడు సంపుటములు వెలువడెను. లూయిస్ 2020లో గతించెను. బొమ్మల కథ యనగానే మన పెద్దలు పెదవి విరుతురు. కాని మాంట్‌గోమరీ నగరపు బస్సుల బహిష్కారమును తెలుపు చిన్న బొమ్మల పుస్తకమొకటి 1957లో వెలువడి, నాటి విద్యార్థులకు దారి చూపినది. ఆ మేలు నెరిగినందుననే ఈ రూపము గ్రహింపబడినది.

గ్రంథమునందెల్ల విలువైనది మొదటి సంపుటములోని నాష్‌విల్ ఘట్టము. ఆ నగరపు దుకాణములు నల్లవారికి సరకులమ్మెడివి. భోజనపు బల్ల యొద్ద మాత్రము కూర్చుండనిచ్చెడివి కావు. జేమ్స్ లాసన్ అను యువకుడు, కొరియా యుద్ధకాలమున సైన్యమున జేరనొల్లక చెరసాలకేగినవాడు, 1953 మొదలు మూడేండ్లు మన నాగపురమున హిస్లాప్ కళాశాలలో నుండి గాంధీమహాత్ముని పద్ధతులను పరిశీలించెను. స్వదేశమునకు మరలి, నాష్‌విల్ విద్యార్థులకు ఆ విద్యను నేర్పసాగెను. కొందరు విద్యార్థులు ప్రతిపక్షము వారివలె నటించి తోడివారినే దూషించిరి, త్రోసిరి, ముఖముపై పొగ యూదిరి. తిట్టువడినవాడు మారు తిట్టరాదు. దెబ్బ పడునపుడు తల నెట్లు కాచుకొనవలయునో, ప్రక్కవానికెట్లు అడ్డుపడవలయునో అభ్యసించిరి. 1959 చివర కొన్ని దుకాణములకేగి, భోజనమడిగి, కాదనిపించుకొని, మర్యాదగా మరలివచ్చిరి. అది పరీక్ష మాత్రమే.

అందుచేతనే, 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు అట్టి బల్ల యొద్ద కదలక కూర్చుండిన వార్త వచ్చునప్పటికి వీరు సిద్ధముగా నుండిరి. అదే నెల 13న తామును ప్రారంభించిరి. 27న దుండగులు వారిని కొట్టగా, కొట్టినవారిని విడిచి కూర్చున్నవారినే పోలీసులు నిర్బంధించిరి. ఏప్రిల్ 19న, విద్యార్థుల పక్షమున వాదించుచున్న న్యాయవాది యింటిపై బాంబు పడగా, వేలకొలది జనము మౌనముగా నగరసభా భవనమునకు నడచిరి. అచ్చట ఒకరు చదివిన ఉపన్యాసమునకు మేయరు కినిసి వాదమునకు దిగెను. పిమ్మట డయాన్ నాష్ అను ఇరువదియొక్క యేండ్ల విద్యార్థిని ఆయనను, మనుష్యుని వర్ణమును బట్టి భేదము చూపుట న్యాయమని మీరు తలతురా యని సూటిగా అడిగెను. న్యాయము కాదని ఆయన ఒప్పుకొనక తప్పలేదు. మే 10న ఆరు దుకాణములు నల్లవారికి వడ్డించెను. ఉపన్యాసమునకు లొంగనివాడు నెమ్మదిగా నడిగిన ప్రశ్నకు లొంగెను. పోటీలలో బహుమానముల నాశించు మనము ఈ సన్నివేశమును మరల మరల చదువవలెను.

ఇక గ్రంథదోషము. నెలల తరబడి సాగిన అభ్యాసము కొలది పుటలలో ముగియును. దెబ్బలు, చెరసాలలు మూడు సంపుటములను ఆక్రమించుకొనును. చిత్రమునకు లాఠీ దొరకినంత సులభముగా ఓర్పు దొరకదు కాబోలు. కాని బాలపాఠకుడు దీనివలన ధైర్యము పుట్టుకతో వచ్చు గుణమని భ్రమపడవచ్చును. ఆత్మకథ యగుటచే ఒక్కని నీడ పెద్దదైనది. 1960 ఏప్రిల్‌లో రాలీ నగరమున యువజనులను సమావేశపరచి, పెద్దల సంస్థలకు తోకగా నుండక మీ సంఘమును మీరే నడుపుకొనుడని ప్రోత్సహించిన ఎల్లా బేకర్ పద్ధతి, నాయకుని కంటె సమూహమును పెంచునది. హక్కుల శిక్షణమునకు అదియే ప్రాణము. ఒక వీరుని కథలో దానికి తగినంత చోటు దొరకుట కష్టము.

మరియొక సంగతి తలిదండ్రులు ఆలోచింపవలసినది. లూయిస్ తలిదండ్రులు అలబామాలో వ్యవసాయము చేసికొని బ్రతికినవారు. తెల్లవారితో చిక్కు తెచ్చుకొనవద్దని బిడ్డలను హెచ్చరించుచుండెడివారు. కుమారుడు చెరసాల పాలగుట విని వారు కుమిలిరి. ఆ భయమును పిరికితనమనుట న్యాయము కాదు. బిడ్డను కన్నవారు ఏ దేశమందైనను అట్లే భయపడుదురు. అయితే ఆ బిడ్డకు తొలి పాఠము నేర్పినదియు ఆ యిల్లే. కోళ్లను సాకు పని చిన్ననాడే అతని కప్పగించిరి. అతడు వానికి పేర్లు పెట్టి, మతబోధ చేసి, ఇంట కోడి కూర వండిన నాడు ముట్టనని అలిగెడివాడు. తనకంటె దుర్బలమైన ప్రాణికి తాను బాధ్యుడనని యెరిగిన బాలుడే, పిమ్మట నాష్‌విల్‌లో ప్రక్కవానికి అడ్డుపడుట నేర్చుకొనెను.

ఈ గ్రంథమందు క్రూరమైన దూషణలు, రక్తపాతము గలవు గాన పసివారికి తగదు. ఉన్నత పాఠశాల బాలబాలికలకు తప్పక ఇయ్యవచ్చును. ఇచ్చి ఊరకుండక పెద్దలు ప్రక్కన కూర్చుండి చదువవలెను. వీరు ఎన్ని దెబ్బలు తినిరో బొమ్మలే చెప్పును. అందుకు ముందు ఎన్ని సాయంకాలములు అభ్యసించిరో మనమే చెప్పవలెను.