తడబడే కథానాయకుడి తెలివి: బారిస్టరు పార్వతీశం

మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టరు పార్వతీశం’ నవల తొలి భాగం 1924లో వెలువడింది. బారిస్టరు కావాలని మొగల్తూరు నుంచి ఇంగ్లండుకు బయలుదేరిన పార్వతీశం అడుగడుగునా తడబడతాడు. ఆ తడబాటును తెలివితక్కువతనంగా భావించవచ్చునా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

హాస్యరసానికి భరతుడు చెప్పిన విభావాలలో వికృతవేషం ప్రధానమైనది. స్త్రీల టోపీ ధరించిన పార్వతీశం అందుకు చక్కని ఉదాహరణ. అయితే దొరల దేశానికి వెళ్ళేవాడు దొరల టోపీ పెట్టుకోవాలన్న అతని తర్కంలో దోషం లేదు. టోపీలలో స్త్రీపురుష భేదం ఉంటుందన్న సంగతి మాత్రమే అతనికి తెలియదు. అది యుక్తితో ఊహించగలిగేది కాదు. ఆ సమాజంలో మెలగినవారికి అలవడే ఆచారజ్ఞానం. కనుక ఇక్కడ ఉన్నది అపరిచయమే కాని అవివేకం కాదు.

1990లో వచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ అనే కంప్యూటర్ సాహసక్రీడలోని నాయకుడు గైబ్రష్ త్రీప్‌వుడ్‌తో పోలిస్తే ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. సముద్రపు దొంగ కావాలని వచ్చిన ఆ యువకుడు కత్తియుద్ధంలో గెలవాలంటే ప్రత్యర్థి తిట్టుకు తగిన ఎదురుజవాబు చెప్పాలి. ఆ జవాబులను ఓడిపోతూనే నేర్చుకోవాలి. కాని ఏ జవాబు ఎక్కడ చెల్లుతుందో నిర్ణయించేది ఆటగాడు. అంటే గైబ్రష్ తెలివి చాలావరకు అతనికి వెలుపలే ఉంది. పార్వతీశం తెలివి అలా కాదు. నవల ఉత్తమపురుషలో సాగుతుంది. తడబడినవాడూ, ఆ తడబాటులో ఏది నవ్వు పుట్టిస్తుందో గుర్తించి చెప్పేవాడూ ఒక్కడే. వారి నడుమ ఉన్నది కాలం, అనుభవం. భరతుని పరిభాషలో ఇతడు పరులను నవ్వించే పరస్థ హాస్యానికే కాక, తనను చూసి తానే నవ్వుకునే ఆత్మస్థ హాస్యానికీ ఆశ్రయం.

ఈ భేదానికి నేటి సమాజంలోనూ ప్రాధాన్యం ఉంది. నిజామాబాదు, బోధన్ ప్రాంతాల పల్లెల నుంచి ఎందరో బతుకుతెరువుకై గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. విమానాశ్రయంలో తొలిసారి తడబడే వలస కూలీని చూసి నవ్వడం, పార్వతీశాన్ని చదివి నవ్వడం ఒకటి కావు. పార్వతీశం తన కథ తానే చెప్పి మనకు నవ్వే అనుమతి ఇచ్చాడు. కూలీ తన కథ ఇంకా చెప్పలేదు. ఆ అనుమతి లేని నవ్వు హాస్యం కాదు, అవహేళన.

కాబట్టి పార్వతీశం తెలివిని అతని చేష్టలతో గాక అతని కథనంతో కొలవాలి. ఆ కొలతలో అతడు తనను చూసి నవ్వేవారికంటె ముందే ఉన్నాడు.