మన గుట్టు బయట, వాళ్ళ లెక్క లోపల

"నా ఫోన్లో దాచుకోడానికేముంది?" ఈ మాట మా నెమలిలో టీకొట్టు దగ్గర వినపడుతుంది. తిరువూరు బస్టాండులో వినపడుతుంది. హైదరాబాదులో పెద్ద చదువులు చదివిన సెక్యులర్ మిత్రుల నోటా వినపడుతుంది. తప్పు చెయ్యనివాడికి భయమెందుకు అనేది దీని వెనకే వచ్చే రెండో మాట. కవితనో కథనో ముందు పెట్టుకుని పరిశీలించినట్టే ఈ మాటనూ పరిశీలించాలి. మాట ఎవరిది, ఎక్కడ నిలబడి అంటున్నారు అని అడగడం స్త్రీవాదులు, దళితులు, ముస్లింలు తెలుగు విమర్శకు నేర్పిన పాఠం. ఆ పాఠం సెల్‌ఫోను దాకా ఇంకా రాలేదు.

చట్టం దీన్ని గోప్యత అంటుంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. తీర్పు గొప్పదే. కాని గోప్యత మన ఇళ్ళలో పలికే మాట కాదు. మన ఇళ్ళలో ఉన్నది గుట్టు. ఇంటిగుట్టు లంకకు చేటు అన్నారు పెద్దలు. గుట్టుగా సంసారం ఈదుకొచ్చింది అంటే అది నింద కాదు, మెచ్చుకోలు. ఉర్దూలో పర్దా ఉంది. పర్దా అనగానే తెలుగు పాఠకుడికి బురఖా ఒక్కటే గుర్తుకొస్తుంది గాని, ఒకరి లేమిని పదిమందిలో పెట్టకుండా కాపాడటాన్ని కూడా మేం 'పర్దా రఖ్‌నా' అంటాం. గుట్టు తప్పు చేసినవాడి అవసరం కాదు, ఇజ్జత్‌తో బతకదలచినవాడి అవసరం అని రెండు భాషలూ చెబుతున్నాయి.

అయితే అదే గుట్టు ముస్లిం ఇంట్లో ఉంటే దాని పేరు మారిపోతుంది. అప్పుడది రహస్యం. రహస్యం కాస్తా కుట్ర అవుతుంది. దాచుకోడానికేముంది అని తేలిగ్గా అనగలిగినవాడు ఎవడంటే, ఎవరూ ఏమీ అడగనివాడు. మాకు ఆ తేలిక లేదు. మా పేరే ముందు బయటపడుతుంది. ట్రూకాలర్ లాంటి యాప్‌లు మనిషి నోరు విప్పకముందే అతని పేరు అవతలివాళ్ళకి చూపిస్తాయి. కాల్ చేసేవాళ్ళ పేరు ప్రతి ఫోన్లోనూ కనపడేట్టు చెయ్యాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. మోసపు కాల్స్‌ను అరికట్టడానికి అన్నారు. ఆ అవసరం నిజమే. కాని పట్నంలో కిరాయి ఇంటికోసం ఫోన్ చేసే షేకు పిల్లగాడికి ఏమవుతుంది? "ఇల్లు ఖాళీగా ఉందాండీ?" అని అడిగేలోపే ఇల్లు నిండిపోతుంది.

పేరు తర్వాత మొహం. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాదు పాతబస్తీలో సామాజిక కార్యకర్త ఎస్.క్యు. మసూద్‌ను పోలీసులు ఆపి మాస్కు తియ్యమన్నారు. తియ్యనన్నా ఫోటో తీసుకున్నారు. నా ఫోటో ఎందుకు తీశారు, ఎక్కడ పెట్టారు, ఏం చేస్తారు అని అడుగుతూ ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. మొహాన్ని గుర్తుపట్టే యంత్రాలపై ఆయన వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. 2021 అక్టోబరులోనే అదే నగరంలో పోలీసులు దారినపోయే కుర్రాళ్ళను ఆపి, వాళ్ళ ఫోన్లలో గంజాయి అన్న మాటకోసం వెతికిన వీడియోలు ఊరంతా చూసింది. రోడ్డుమీద జేబులు తడిమించుకోవలసి వచ్చేది ఎవరో, కారు అద్దాలు కూడా దించకుండా వెళ్ళిపోయేది ఎవరో వేరే చెప్పాలా?

ఇదంతా పట్నం గొడవ, పల్లెకేం సంబంధం అనొచ్చు. మా నెమలి ఎన్టీఆర్ జిల్లా అంచున, వేణుగోపాలస్వామి గుడితో పేరుపడ్డ ఊరు. కాస్త ముందుకెళితే ఖమ్మం జిల్లా. అటూ ఇటూ బంధువులున్న ఇళ్ళు మావి. ఇటు ఆంధ్రలో 2016లో ప్రజాసాధికార సర్వేకు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. 2019లో మొదలైన వలంటీర్ల వ్యవస్థలో యాభై ఇళ్ళకొక మనిషి ఫోను పట్టుకుని వచ్చాడు. అటు తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే చేశారు. అడిగినవన్నీ చెప్పాం. బియ్యం కావాలి, పింఛను కావాలి, చెప్పక ఏం చేస్తాం? పేదవాడి గుట్టుకి సర్కారు కట్టిన ధర అది.

చెప్పిందంతా ఎక్కడికి పోయింది? తెలంగాణలో సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. వేరువేరు శాఖల రికార్డుల్లో ఉన్న పేర్లనూ చిరునామాలనూ కలిపి, ఇది ఫలానా మనిషే అని అంచనా వేస్తుంది. ఆ రాష్ట్రంలో 2014 నుంచి 2019 దాకా 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. పత్రికలకెక్కిన ఒక కేసు చూడండి. హైదరాబాదులో రిక్షా తొక్కిన ఒక ముస్లిం పేరునూ, కారున్న ఇంకొకాయన పేరునూ యంత్రం ఒకటే చేసింది. పేర్లలో ఒక్క మాట తేడా. రిక్షా మనిషి భార్యకు రేషన్ బియ్యం ఆగిపోయింది.

ఇది అనుకోకుండా జరిగిన పొరపాటని సరిపెట్టుకోలేం. మా పేర్ల సంగతి కాస్త తెలిసినా ఇది ఊహించదగ్గదే. ఒక మహమ్మద్ ఒకచోట మొహమ్మద్, ఇంకోచోట ఎండీ. షేక్ ఇంటిపేరు కాదు, అయినా దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి మా జిల్లాల్లో అదే ఇంటిపేరైంది. ఉర్దూలో ఒకటిగా రాసేది తెలుగులో రెండు రకాలుగా, ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. ఇక మస్తాన్, సైదులు లాంటి పేర్లు హిందువుల ఇళ్ళలోనూ ఉన్నాయి. దర్గా దగ్గర రెండు మతాలూ కలిసి పెట్టుకున్న పేర్లవి. ఆ చరిత్ర యంత్రానికి ఎవరు చెప్పారు? అసలు చెప్పారా?

అది తెలుసుకోవాలంటే లోపలి కోడ్ చూడాలి. సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వలేదు, దానిమీద హక్కు తయారుచేసిన ప్రైవేటు కంపెనీదన్నారు. చివరికి మసూద్ వేసిన కేసులోనే 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తీసేసిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. ఆ జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అన్నేళ్ళు వాళ్ళు తినని బియ్యం ఎవరి లెక్కలో రాయాలి?

ఓపెన్‌సోర్స్ మాట నాకు అవసరమైంది ఇక్కడే. ఎవరైనా చదవగలిగేలా, తప్పుంటే ఎత్తిచూపగలిగేలా కోడ్‌ను తెరిచి పెట్టడమే దాని సారం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం హైదరాబాదుకీ వచ్చింది. స్వేచ్ఛ అన్న పేరుతోనే ఇక్కడ ఒక సంస్థ కంప్యూటర్‌ను తెలుగులోకి తేవడానికి పనిచేసింది. ఆ మిత్రులకు ఒక విన్నపం. ఈ సంగతిని ఇంజనీరింగ్ కాలేజీ సెమినార్ల దగ్గరే ఆపకండి. రేషన్ షాపు దగ్గరికి తీసుకురండి. మాకు ఏ ఫోను మంచిదో చెప్పడం కాదు, మా బియ్యం ఆపిన లెక్క ఏదో అడిగి పెట్టండి.

ఓపెన్‌సోర్స్ అన్నిటికీ మందని కూడా నేననను. 2021 జులైలో, మళ్ళీ 2022 జనవరి 1న, ముస్లిం స్త్రీల ఫోటోలు పెట్టి వేలమన్న నీచులు తమ యాప్‌లను నడిపింది కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లోనే. తలుపులు తెరిచినంత మాత్రాన ద్వేషం తగ్గదు. అందుకే దేన్ని తెరవాలి, దేన్ని మూయాలి అన్నదే అసలు ప్రశ్న. మనిషి బతుకు మూసి ఉండొచ్చు, మనిషిమీద తీర్పు చెప్పే యంత్రం తెరిచి ఉండాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా దీనికి తలకిందులు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా ప్రభుత్వానికి మినహాయింపులిచ్చి, పనిలో పనిగా 44(3) సెక్షనుతో సమాచార హక్కు చట్టాన్ని బిగించింది. గోప్యత పేరుతో వచ్చిన చట్టం ముందుగా సర్కారు గోప్యతను కాపాడింది.

మావాళ్ళతోనూ ఒక మాట. అల్లా అన్నీ చూస్తూనే ఉన్నాడు, సర్కారు చూస్తే ఏమిటి అనేవాళ్ళు మాలో ఉన్నారు. అదే ఖురాన్‌లో సూరె హుజురాత్ ఇతరుల కూపీలు లాగవద్దంది. సూరె నూర్ అనుమతి అడిగి, సలాం చెప్పిగాని ఇతరుల ఇంట్లో అడుగు పెట్టవద్దంది. చూసే అధికారం అల్లాకుంది గాని ఎస్సైకి, కంపెనీకి రాసివ్వలేదు.

సెక్యులర్ మిత్రులు దీన్ని ముస్లింల బాధగా మాత్రమే విని సానుభూతి చూపితే చాలదు. కార్డు పోయిన లక్షల ఇళ్ళన్నీ ముస్లిం ఇళ్ళు కావు. మేం ముందు వరుసలో ఉన్నాం కాబట్టి దెబ్బ ముందు మాకు కనపడింది, అంతే. మన గుట్టు అడిగే ప్రతి సర్కారునూ, ప్రతి కంపెనీనీ ముందు తమ లెక్క చూపమని అడుగుదాం. చూపనన్నవాడికే దాచుకోడానికేదో ఉంది.