బలరామ్ రెండు కాళ్ల విద్య

సుల్తాన్ బజార్ నుంచి తూర్పుకి నడిస్తే కాచిగూడ, పడమటికి పోతే ఆబిడ్స్ దాటాక ఫతే మైదాన్. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఈ చుట్టుపక్కల మనిషే. కాచిగూడ మిడిల్ స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పారు. సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్ది 1950 నుంచి 1954 దాకా వరసగా 5 రోవర్స్ కప్పులు గెలిపించారు. ఆయన చెక్కిన ఫార్వర్డ్‌లలో నాకు అందరికన్నా ఎక్కువ ఇష్టం తులసీదాస్ బలరామ్.

1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టాడు. ఇల్లు గడవడమే కష్టం, ఇక బూట్లెక్కడివి? పోలీసులు వాడి వదిలేసిన పాత బూట్లతో 2 రూపాయలకి ఆట బూట్లు కుట్టించుకున్నానని పెద్దయ్యాక చెప్పేవారు. అప్పట్లో బూట్లంటే చిన్న విషయం కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో దిగి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. ఆ దెబ్బతోనే మన దగ్గర బూట్లు తప్పనిసరి అయ్యాయి. పాదానికీ బంతికీ మధ్య తోలు అడ్డం వచ్చినా బంతి జాడ కాలికి తెలుస్తూనే ఉండాలి. బలరామ్ తరం దాన్ని కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

రైడర్స్ క్లబ్‌కి ఆడుతున్న రోజుల్లో ఈ కుర్రాడు రహీం కంట్లో పడ్డాడు. క్యాంపుకి రమ్మంటే, అంత దూరం నుంచి రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడు. సైకిలు అద్దెకి తీసుకోమని రోజుకో రూపాయి రహీమే ఇచ్చారట. ఆ రూపాయికి భారత ఫుట్‌బాల్ ఎంత రుణపడి ఉందో!

రహీం సాధన పద్ధతి ఆయన సొంతం. వాటం లేని కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి పోటీలు జరిపేవారు. డ్రిబ్లింగ్ పూర్తిగా నిషేధించిన పోటీలూ ఉండేవి. కుడికాలి వాటం ఉన్నవాడికి ఎడమకాలు ఊతకర్ర లాంటిది, బరువు మోయడమే దాని పని. అదే కాలితో పాస్ ఇమ్మంటే ఒళ్లంతా మళ్లీ సర్దుకోవాలి: నడుము ఇంకో వైపు తిరగాలి, బంతి రాకముందే అడుగు కుదురుకోవాలి. డ్రిబ్లింగ్ వద్దంటే ఇక మిగిలేది చూపు. బంతి అందక ముందే ఎవరు ఎక్కడున్నారో లెక్క తేలి ఉండాలి.

ఈ రెండు నియమాల ఫలం బలరామ్ ఆటలో కనిపిస్తుంది. ఎడమ అంచున ఆడాడు, ఇన్‌సైడ్ లెఫ్ట్‌గా ఆడాడు, అవసరమైతే సెంటర్ ఫార్వర్డ్‌గానూ నిలిచాడు. ఎడమ అంచున ఉన్నవాడు రెండు కాళ్లతోనూ ఆడగలిగితే డిఫెండర్ పని అయిపోయినట్టే. గీత వెంట పోనిస్తే క్రాస్ వస్తుంది, లోపలికి రానిస్తే షాట్ పడుతుంది. బంతిని ఒక్క తాకుడుతో నిలిపి, రెండోదానికే వదిలేయడంలో ఉంది ఆయన గొప్పతనం. జనాన్ని మురిపించడానికి బంతి దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగని సంయమనం ఆ వయసులో అరుదు.

1956లోనూ 1957లోనూ బలరామ్ ఉన్న హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులోకి వెళ్లేనాటికి బలరామ్‌కి దాదాపు 20 ఏళ్లు. మెల్‌బోర్న్ వాళ్లకి ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత్తో పట్టి ఆడే వేరే ఆట. అలాంటి ఊళ్లో మనవాళ్లు ఆతిథ్య జట్టుని 4-2తో ఓడించి నాలుగో స్థానం దాకా వెళ్లారు. 1957లో బలరామ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

అసలు పరీక్ష 1960లో రోమ్‌లో ఎదురైంది. హంగరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు, ఫ్లోరియాన్ ఆల్బర్ట్ లాంటి వాడు అందులో ఉన్నాడు. ఆ జట్టు చేతిలో మనం 2-1తోనే ఓడాం. మన ఒక్క గోల్ బలరామ్‌దే. తర్వాత పెరూ చేతిలో ఓటమిలోనూ గోల్ ఆయనదే. రెండేళ్లకు జకార్తా ఏషియాడ్‌లో జపాన్ మీద గోల్ కొట్టాడు, స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లయినా నిండలేదు.